అమైనో ఆమ్లాల పూరకాహారం – క్యాన్సర్ పెరుగుదల, రోగనిరోధక శక్తి: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్యాన్సర్ రోగికి ఏ ఆహారం పెట్టాలి, ఏది మానిపించాలి అన్న ప్రశ్న నేడు జీవరసాయన శాస్త్రంలో ముఖ్యమైన పరిశోధనాంశంగా మారింది. కొన్ని అమైనో ఆమ్లాలను ఆహారంలో తగ్గిస్తే కణితి పెరుగుదల మందగిస్తుందని కొన్ని జంతు ప్రయోగాలు తెలుపుతున్నాయి. మరికొన్నింటిని అదనంగా ఇస్తే రోగనిరోధక కణాలు బలపడతాయని వేరే ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఒకే అమైనో ఆమ్లం విషయంలో పరస్పర విరుద్ధమైన ఫలితాలు వెలువడిన సందర్భాలూ ఉన్నాయి. ఆస్పరజిన్, సిరీన్, మిథియోనిన్, ఆర్జినిన్, ట్రిప్టోఫాన్, హిస్టిడిన్, గ్లుటమిన్‌లపై జరిగిన ప్రధాన పరిశోధనలను పరిశీలించి, ఈ వైరుధ్యాలకు కారణాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. ప్రయోగశాల ఫలితాన్ని రోగి ఆహారానికి అన్వయించే ముందు అడగవలసిన ప్రశ్నలను కూడా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అమైనో ఆమ్లాలు, క్యాన్సర్ జీవక్రియ, టి-కణాలు, ఆస్పరజినేజ్, మిథియోనిన్, ఆర్జినిన్, హిస్టిడిన్, మెథోట్రెక్సేట్, పూరకాహారం.

1. ఉపోద్ఘాతం:

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే వైద్యుడిని అడిగే మొదటి ప్రశ్నల్లో “ఏం పెట్టమంటారు?” అన్నది తప్పక ఉంటుంది. రోగి చిక్కిపోతున్నాడు కాబట్టి బలమైన ఆహారం పెట్టాలని ఒకరంటారు. బలమైన ఆహారం పెడితే కణితి కూడా బలపడుతుందని మరొకరు భయపెడతారు. ప్రొటీన్ పొడుల డబ్బాలు ఒకవైపు, మాంసం, పాలు, గుడ్లు, పప్పు అన్నీ మాన్పించే పథ్యాలు మరొకవైపు రోగిని లాగుతుంటాయి. ఈ రెండు వాదాలకూ కొంత శాస్త్రీయ ఆధారం కనిపించడమే ఇక్కడి చిక్కు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1940లలో బోస్టన్ నగరంలో పిల్లల వ్యాధి నిర్ధారణ నిపుణుడు సిడ్నీ ఫార్బర్, తీవ్ర రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి చెందిన సంయోగ పదార్థాలను ఇచ్చి చూశాడు. ఫోలిక్ ఆమ్లం రక్తకణాల వృద్ధికి అవసరమైన విటమిన్. అది మేలు చేస్తుందన్న ఆశతోనే ఇచ్చారు. కాని ఎముక మజ్జలో వ్యాధి మరింత వేగం పుంజుకున్నట్లు ఆ బృందానికి కనిపించింది. పోషకం రోగికి అందేలోగా వ్యాధి కణమే దాన్ని వాడుకుంటున్నదన్న అనుమానం అక్కడ మొదలైంది. పోషకం వేగం పెంచితే, ఆ పోషకాన్ని అడ్డుకునే పదార్థం వేగాన్ని తగ్గించాలి కదా అన్నది ఫార్బర్ తర్కం.

అటువంటి పదార్థాన్ని తయారుచేసింది లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో పనిచేసిన బృందం. ఆ పదార్థం పేరు అమినోప్టెరిన్. 1948లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో, చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా మెరుగుదల కనిపించినట్లు పేర్కొన్నాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ చికిత్సలో వాడుకలో ఉంది. సుబ్బారావు 1948 ఆగస్టులో మరణించాడు. పోషకం, వ్యాధి కణం, మందు – ఈ మూడింటి మధ్య సంబంధాన్ని నిరూపించిన ఆ అధ్యాయం నుండే ప్రస్తుత చర్చను మొదలుపెట్టడం సముచితం.

2. జీవరసాయన నేపథ్యం:

మన శరీరంలోని ప్రొటీన్లు ప్రధానంగా 20 రకాల అమైనో ఆమ్లాలతో నిర్మితమవుతాయి. వీటిలో హిస్టిడిన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, లైసిన్, మిథియోనిన్, ఫినైల్ అలనిన్, థ్రియొనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్ అనే తొమ్మిదింటిని శరీరం తయారుచేసుకోలేదు. వీటిని ఆవశ్యక అమైనో ఆమ్లాలు అంటారు. మిగిలినవి శరీరంలో తయారవుతాయి. అయితే ఆర్జినిన్, గ్లుటమిన్ వంటివి తీవ్రమైన జబ్బు, గాయం, ఎదుగుదల వంటి స్థితుల్లో శరీరం చేసుకున్నది చాలక, బయటి నుండి కూడా అవసరమవుతాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. రక్తంలోని అమైనో ఆమ్లాలకు ఆహారం ఒక్కటే మూలం కాదు. వయోజనుడి శరీరంలో రోజుకు సుమారు 250 నుండి 300 గ్రాముల ప్రొటీన్ విచ్ఛిన్నమై, దాదాపు అంతే తిరిగి నిర్మితమవుతుంది. ఆహారం ద్వారా అందే ప్రొటీన్ ఇందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి ఒక పూట పప్పు మానినంత మాత్రాన, లేదా ఒక చెంచా పొడి కలుపుకొన్నంత మాత్రాన కణితి చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాల మోతాదు ఆ మేరకు మారుతుందని అనుకోలేం. ఆహారం మరీ తగ్గితే శరీరం కండరాలను కరిగించి ఆ లోటును పూడ్చుకుంటుంది. క్యాన్సర్ రోగిలో ఇప్పటికే కరుగుతున్న కండరం ఇంకా కరగడం అంటే ప్రమాదమే.

క్యాన్సర్ కణానికీ, దానితో పోరాడే టి-కణానికీ మధ్య ఒక పోలిక ఉంది. శత్రువును గుర్తించిన టి-కణం కొద్ది రోజుల్లోనే అనేక రెట్లు విభజన చెందాలి. అందుకు కొత్త ప్రొటీన్లు, కొత్త డి.ఎన్.ఎ. కావాలి. క్యాన్సర్ కణానికి కావలసినవీ అవే. రెండూ ఒకే రకమైన రవాణా ప్రొటీన్ల ద్వారా ఒకే పోషకాలను లోనికి తీసుకుంటాయి. ఒకే చెరువు కింద సాగవుతున్న రెండు పొలాల వంటివి ఇవి. తూము మూస్తే కలుపుతో పాటు పైరూ ఎండుతుంది, తెరిస్తే పైరుతో పాటు కలుపూ పెరుగుతుంది. ఈ రంగంలోని వైరుధ్యాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

3. ఆస్పరజిన్ – లేమి చికిత్సగా మారిన సందర్భం:

ఆస్పరజిన్ మొట్టమొదటగా వేరుచేయబడిన అమైనో ఆమ్లం. 1806లో ఫ్రెంచి రసాయనవేత్తలు వోక్లాఁ, రోబికే దీనిని ఆస్పరాగస్ మొక్క రసం నుండి వేరుచేశారు. మన ఆయుర్వేదంలో వాడే శతావరి కూడా ఆ ప్రజాతికే చెందింది.

క్యాన్సర్ చికిత్సతో దీని సంబంధం ఒక అనుకోని పరిశీలనతో మొదలైంది. 1953లో అమెరికాలో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త, గినీపంది రక్తరసి ఎక్కించిన ఎలుకల్లో కొన్ని రకాల లింఫోమా కణితులు కరిగిపోవడం గమనించాడు. ఇతర జంతువుల రక్తరసికి ఆ గుణం కనిపించలేదు. గినీపంది రక్తరసిలో ఆస్పరజిన్‌ను విచ్ఛిన్నం చేసే ఆస్పరజినేజ్ అనే ఎంజైము ఉంటుందని 1922లోనే క్లెమెంటి గుర్తించాడు. ఈ రెండు విషయాలనూ కలిపి, కణితిని కరిగించినది ఈ ఎంజైమేనని 1961లో జాన్ బ్రూమ్ ప్రతిపాదించాడు. తరువాత బాక్టీరియా నుండి ఈ ఎంజైమును తయారుచేయడం సాధ్యమైంది. నేడు పిల్లల్లో వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్సలో ఆస్పరజినేజ్ విడదీయరాని భాగం.

దీని పనితీరు స్పష్టం. సాధారణ కణాలు ఆస్పరజిన్‌ను స్వయంగా తయారుచేసుకోగలవు. అందుకు కావలసిన ఆస్పరజిన్ సింథటేజ్ అనే ఎంజైము ఈ లుకేమియా కణాల్లో చాలా తక్కువ. రక్తంలో ఆస్పరజిన్ లేకుండా చేస్తే అవి ప్రొటీన్లు నిర్మించుకోలేక నశిస్తాయి. వ్యాధి కణంలోని ఒక నిర్దిష్టమైన లోపాన్ని ఆధారం చేసుకోవడం వల్లనే ఈ చికిత్స ఫలించింది. ఇది ఆహార నియమంతో సాధించిన ఫలితం కాదన్న సంగతిని గుర్తుంచుకోవాలి. శరీరమే ఆస్పరజిన్‌ను తయారుచేస్తుంది కాబట్టి, రక్తంలో దాన్ని దాదాపు శూన్యం చేయడానికి ఎంజైమును సూది ద్వారా ఇవ్వవలసిందే. ఆ చికిత్సకు అలర్జీ, క్లోమం వాపు, రక్తం గడ్డకట్టడంలో తేడాలు వంటి దుష్ఫలితాలున్నాయి. అందుకే అది వైద్య పర్యవేక్షణలోనే జరుగుతుంది.

2018లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఈ అమైనో ఆమ్లాన్ని మళ్ళీ చర్చలోకి తెచ్చింది. రొమ్ము క్యాన్సర్ కణాలు ప్రవేశపెట్టిన ఎలుకల్లో ఆహారపు ఆస్పరజిన్‌ను తగ్గించినప్పుడు వ్యాధి ఇతర అవయవాలకు పాకడం తగ్గింది. పెంచినప్పుడు పాకడం ఎక్కువైంది. మూల కణితి పెరుగుదలలో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. ఈ వార్త ప్రచారంలోకి రాగానే ఆస్పరాగస్ తింటే క్యాన్సర్ పాకుతుందన్న అపార్థం కూడా వ్యాపించింది. పేరు ఆ మొక్క నుండి వచ్చినా పాలు, గుడ్లు, మాంసం, చేపలు, పప్పులు, బంగాళాదుంపలు అన్నింటిలోనూ ఆస్పరజిన్ ఉంటుంది. ఒక కూరగాయను మానడం వల్ల ఒరిగేదేమీ లేదు.

రోగనిరోధక కణాల విషయానికి వస్తే ఫలితాలు భిన్నంగా ఉన్నాయి. ఆస్పరజిన్ అందినప్పుడు టి-కణాల క్రియాశీలత, కణితిపై వాటి దాడి పెరుగుతాయని 2021లో ఒక బృందం తెలిపింది. ఆస్పరజిన్‌ను పరిమితం చేసినప్పుడే టి-కణాలు ఒత్తిడిని తట్టుకొని మరింత సమర్థంగా తయారవుతాయని 2023లో మరొక బృందం తెలిపింది. క్రియాశీలత తొలి గంటల్లో ఉన్న కణానికీ, ఆ దశ దాటిన కణానికీ అవసరాలు ఒకటి కావు. కొరత ఏ దశలో, ఎంతసేపు కలిగించారన్న దాన్ని బట్టి ఫలితం మారుతుందని ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు అర్థమవుతుంది.

4. సిరీన్, మిథియోనిన్ – ఆహార పరిమితి ప్రయోగాలు:

సిరీన్, గ్లైసిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు లేని ఆహారంతో కారెన్ వౌస్డెన్ బృందం చేసిన ప్రయోగాలు ఈ రంగంలో ప్రముఖమైనవి. పి53 అనే కణితి నిరోధక ప్రొటీన్ లేని క్యాన్సర్ కణాలు సిరీన్ కొరతను తట్టుకోలేవని 2013లో ఈ బృందం చూపింది. 2017లో ప్రకటించిన పరిశోధనలో, జన్యుపరంగా పేగు క్యాన్సర్, లింఫోమా వచ్చే ఎలుకలకు ఈ ఆహారం ఇచ్చినప్పుడు కణితి పెరుగుదల తగ్గి ఆయుష్షు పెరిగింది. అయితే కెరాస్ అనే జన్యువు ఉత్పరివర్తనతో వచ్చే క్లోమ క్యాన్సర్‌లో ఈ ఆహారం అంతగా పనిచేయలేదు. ఆ కణాలు సిరీన్‌ను స్వయంగా తయారుచేసుకునే ఎంజైములను పెంచుకోవడమే అందుకు కారణం. అంటే ‘క్యాన్సర్’ అనే ఒకే పేరు కింద ఉన్నవన్నీ ఒకే ఆహార నియమానికి లొంగవు. పైగా టి-కణాలు సంఖ్యాపరంగా పెరగడానికి సిరీన్ అత్యవసరమని అదే 2017లో మరొక పరిశోధన వెల్లడించింది.

మిథియోనిన్ కథ మరింత బోధప్రదం. 2019లో జేసన్ లోకసేల్ బృందం, మిథియోనిన్ తగ్గించిన ఆహారం ఎలుకల్లో పెద్దపేగు క్యాన్సర్‌పై కీమోథెరపీ ప్రభావాన్నీ, మృదుకణజాల క్యాన్సర్‌పై రేడియేషన్ ప్రభావాన్నీ పెంచుతుందని ప్రకటించింది. ఆరుగురు ఆరోగ్యవంతులకు మూడు వారాలపాటు ఇటువంటి ఆహారం ఇచ్చినప్పుడు వారి రక్తంలోని జీవక్రియా మార్పులు ఎలుకల్లో కనిపించిన వాటిని పోలి ఉన్నాయి. ఈ ఫలితాలు ఎంతో ఆశ కలిగించాయి.

2020లో మరొక కోణం బయటపడింది. క్యాన్సర్ కణాలు తమ ఉపరితలంపై ఉండే ఒక రవాణా ప్రొటీన్ ద్వారా మిథియోనిన్‌ను అధికంగా లాగేసుకుంటాయి. పక్కనే ఉన్న టి-కణాలకు అది అందదు. మిథియోనిన్ నుండి వచ్చే మిథైల్ సమూహాలు లేక, టి-కణాల్లో జన్యువుల నియంత్రణ దెబ్బతిని అవి చతికిలబడతాయి. ఆ ప్రయోగంలో మిథియోనిన్‌ను అదనంగా అందించినప్పుడు టి-కణాల పనితీరు మెరుగుపడింది.

2023లో ‘నేచర్ మెటబాలిజం’ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ వైరుధ్యాన్ని నేరుగా పరీక్షించింది. రోగనిరోధక వ్యవస్థ లోపించిన ఎలుకల్లో మిథియోనిన్ తగ్గిస్తే కణితి తగ్గింది. ఆ వ్యవస్థ సక్రమంగా ఉన్న ఎలుకల్లో అదే ఆహారం టి-కణాల సంఖ్యను తగ్గించి, కణితిని పెంచి, ఇమ్యునోథెరపీని బలహీనపరచింది. పేగులోని సూక్ష్మజీవులు ఉత్పత్తి చేసే హైడ్రోజన్ సల్ఫైడ్ తగ్గడం ఇందుకు ఒక కారణమని ఆ బృందం గుర్తించింది.

మనిషి కణితిని ఎలుకలో పెంచాలంటే, ఆ ఎలుక దాన్ని తిరస్కరించకుండా ఉండేందుకు రోగనిరోధక శక్తి లేని ఎలుకనే ఎంచుకోవాలి. పరిశోధన సౌలభ్యం కోసం చేసుకున్న ఈ ఎంపికే జవాబులో సగాన్ని మరుగుపరుస్తున్నది. అటువంటి ఎలుకలో మనం చూసేది కణితికి ఆహారం తగ్గితే ఏమవుతుందన్నది మాత్రమే. రక్షక కణాలకు ఆహారం తగ్గితే ఏమవుతుందో అక్కడ కనిపించదు.

5. ఆర్జినిన్ – రెండు వైపులా పదునున్న అమైనో ఆమ్లం:

అదనంగా ఇవ్వడం వల్ల రోగనిరోధక శక్తి పెరుగుతుందని బలంగా వాదించదగిన అమైనో ఆమ్లం ఆర్జినిన్. కణితి చుట్టూ చేరే కొన్ని మజ్జ సంబంధ కణాలు ఆర్జినేజ్ అనే ఎంజైమును విడుదలచేసి అక్కడి ఆర్జినిన్‌ను ఖాళీ చేస్తాయి. అప్పుడు టి-కణాలు తమ సంకేత గ్రాహకంలోని ముఖ్యభాగాన్ని కోల్పోయి నిష్క్రియమవుతాయి. 2016లో ‘సెల్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, టి-కణాల్లో ఆర్జినిన్ మోతాదు పెరిగితే అవి ఎక్కువకాలం జీవించి, ఎలుకల్లో మెలనోమా కణితిని మరింత సమర్థంగా ఎదుర్కొన్నాయి.

ఇదే ఆర్జినిన్ కొన్ని కణితులకు ప్రాణాధారం. ఆర్జినిన్ తయారీకి అవసరమైన ఆర్జినినోసక్సినేట్ సింథటేజ్ అనే ఎంజైము కొన్ని క్యాన్సర్ కణాల్లో ఉండదు. అవి బయటి ఆర్జినిన్ పైనే ఆధారపడతాయి. ఆస్పరజినేజ్ తరహాలోనే ఆర్జినిన్‌ను విచ్ఛిన్నం చేసే పెగార్జిమినేజ్ అనే మందును, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమాలో కీమోథెరపీతో కలిపి 249 మంది రోగులపై పరీక్షించారు. 2024లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో మధ్యస్థ జీవితకాలం 7.7 నెలల నుండి 9.3 నెలలకు పెరిగింది. కాలేయ క్యాన్సర్ రోగులపై అంతకుముందు జరిగిన పెద్ద పరీక్షలో ఇదే మందు ఒంటరిగా ఇచ్చినప్పుడు జీవితకాలాన్ని పెంచలేదు. మరోవైపు, కాలేయ క్యాన్సర్ కణాలు ఆర్జినిన్‌ను నిల్వచేసుకొని తమ జీవక్రియను కణితికి అనుకూలంగా మార్చుకుంటాయని 2023లో వెలువడిన పరిశోధన తెలిపింది.

అంటే, ఒక రోగిలో టి-కణానికి బలమిచ్చే ఆర్జినిన్ మరొక రోగిలో కణితికి బలమివ్వవచ్చు. కణితి జన్యు స్వభావం తెలియకుండా దీనిని సప్లిమెంటుగా వాడమని గాని, మానమని గాని చెప్పడానికి ఆధారం లేదు. ఆర్జినిన్ అదనంగా చేర్చిన ప్రత్యేక ఆహారానికి గుర్తింపు లభించిన సందర్భం ఒకటుంది. జీర్ణవాహిక పైభాగపు క్యాన్సర్లకు శస్త్రచికిత్స జరిగే సమయంలో, ఆర్జినిన్, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు, న్యూక్లియోటైడ్లు కలిసిన ఆహారాన్ని ఐరోపా క్లినికల్ పోషకాహార సంఘం మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి. అక్కడ ఆశించే ప్రయోజనం ఇన్ఫెక్షన్లు తగ్గించడం. కణితిని తగ్గించడం ఆ సిఫారసు లక్ష్యం కాదు.

6. ట్రిప్టోఫాన్ – సిద్ధాంతం నుండి రోగి వరకు ఉన్న దూరం:

తల్లి శరీరం గర్భస్థ శిశువును పరాయి కణజాలంగా భావించి ఎందుకు తిరస్కరించదన్న ప్రశ్నకు 1998లో ఒక సమాధానం లభించింది. మాయలోని ఐ.డి.ఓ. అనే ఎంజైము ట్రిప్టోఫాన్‌ను విచ్ఛిన్నం చేసి తల్లి టి-కణాలను అదుపులో ఉంచుతుందని ఎలుకల ప్రయోగం తెలిపింది. అనేక కణితులు కూడా ఇదే ఎంజైమును వాడుకుంటాయని తరువాత తేలింది. ఈ ఎంజైమును అడ్డుకుంటే టి-కణాలు తిరిగి మేల్కొంటాయన్న సిద్ధాంతం ఎంతో తర్కబద్ధంగా కనిపించింది.

ఎపకాడోస్టాట్ అనే నిరోధకాన్ని ఇమ్యునోథెరపీతో కలిపి, ముదిరిన మెలనోమా ఉన్న 706 మంది రోగులపై పెద్ద ఎత్తున పరీక్షించారు. ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇచ్చినవారితో పోల్చితే అదనపు ప్రయోజనమేదీ లేదని 2018లో తేలింది. జంతువులలో రుజువైన సిద్ధాంతం, తొలి దశ పరీక్షల్లో ఆశ చూపిన మందు, అన్నీ ఉన్నా చివరి పరీక్షలో ఫలితం రాలేదు. అంతటి పరీక్షను కూడా ఎదుర్కోని ఆహార నియమాలను రోగులకు ఖచ్చితమైన సలహాగా చెప్పేవారు ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి.

7. హిస్టిడిన్ – మళ్ళీ మెథోట్రెక్సేట్ దగ్గరకు:

పూరకాహారం మందుకు తోడ్పడగలదన్న భావనకు హిస్టిడిన్ చక్కని ఉదాహరణ. మెథోట్రెక్సేట్ కణంలోని డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. అందువల్ల క్రియాశీల రూపమైన టెట్రాహైడ్రోఫోలేట్ తగ్గిపోయి కణం డి.ఎన్.ఎ. నిర్మించుకోలేక చనిపోతుంది. హిస్టిడిన్ విచ్ఛిన్నమయ్యే మార్గంలో కూడా టెట్రాహైడ్రోఫోలేట్ ఖర్చవుతుంది. ఈ సంబంధం వైద్యశాస్త్రానికి పాతదే. ఫోలేట్ లోపమున్న వ్యక్తికి హిస్టిడిన్ తాగించి, మూత్రంలో ఫార్మిమినో గ్లుటామిక్ ఆమ్లాన్ని కొలిచే పరీక్ష ఒకప్పుడు వాడుకలో ఉండేది.

2018లో నామా కనారెక్, డేవిడ్ సబాటినిల బృందం ఈ పాత జ్ఞానాన్ని కొత్త దారిలోకి మళ్ళించింది. హిస్టిడిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైము లేని లుకేమియా కణాలు మెథోట్రెక్సేట్‌ను తట్టుకుంటున్నాయని వారు జన్యు పరిశీలనలో కనుగొన్నారు. అలాగైతే ఈ మార్గాన్ని ఎక్కువగా నడిపిస్తే మందు ప్రభావం పెరగాలి. లుకేమియా కణాలు ప్రవేశపెట్టిన ఎలుకలకు తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌తో పాటు హిస్టిడిన్ అదనంగా ఇచ్చినప్పుడు అదే జరిగింది. ఎక్కువ మోతాదు మందు వల్ల కలిగే విషప్రభావం లేకుండానే వ్యాధి భారం తగ్గింది.

ఈ ప్రయోగం విలువ దాని తర్కంలో ఉంది. హిస్టిడిన్ క్యాన్సర్‌కు విరుగుడు అని ఆ బృందం చెప్పలేదు. ఒక నిర్దిష్టమైన మందు, ఆ మందు పనిచేసే మార్గం, ఆ మార్గాన్ని పంచుకునే ఒక అమైనో ఆమ్లం – ఈ మూడింటి కలయికనే పరీక్షించింది. ఫార్బర్ కాలంలో వ్యాధిని వేగవంతం చేసినట్లు కనిపించిన ఫోలేట్‌ను, ఏడు దశాబ్దాల తరువాత ఒక పోషకంతోనే ఖర్చుచేయించి వ్యాధిని బలహీనపరచడం ఇందులోని విశేషం. అయితే ఇది కూడా ఎలుకల్లో వచ్చిన ఫలితమే.

8. అదనం వల్ల కలిగే హాని:

సహజ పదార్థం కాబట్టి ఎక్కువైనా హాని లేదన్న నమ్మకం సప్లిమెంట్ల విషయంలో బలంగా ఉంది. ఈ నమ్మకాన్ని ప్రశ్నించే పరిశోధన తెలుగు నేలతోనే ముడిపడి ఉంది. జొన్న ప్రధానాహారంగా ఉన్న పేదల్లో పెల్లాగ్రా వ్యాధి ఎందుకు వస్తున్నదన్న ప్రశ్నను పరిశీలించిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియాలు, జొన్న ప్రొటీన్‌లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ ఇందుకు కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. అధిక ల్యూసిన్, ట్రిప్టోఫాన్ నుండి నియాసిన్ తయారయ్యే క్రమాన్ని దెబ్బతీస్తుందన్నది వారి వాదం. ఈ వాదంపై తరువాత భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి. అయినా ఒక అమైనో ఆమ్లం మితిమీరితే మరొకదాని గతి మారవచ్చునన్న ‘అసమతుల్యత’ భావనను అది పోషకాహార శాస్త్రంలో బలంగా నిలిపింది.

గ్లుటమిన్ విషయంలో మానవులపై జరిగిన పరీక్షే ఉంది. అనేక అవయవాలు దెబ్బతిని ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న 1,223 మంది రోగులపై జరిపిన ఈ పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. గ్లుటమిన్ ఇచ్చినవారిలో ఆసుపత్రి మరణాలు 37.2 శాతం కాగా, ఇవ్వనివారిలో 31.0 శాతం. వీరు క్యాన్సర్ రోగులుగా ఎంపికైనవారు కారు. కాని గ్లుటమిన్ ‘లోపించింది కాబట్టి ఇస్తే మేలు’ అన్న సాధారణ తర్కం ఎంత ప్రమాదకరం కాగలదో ఈ అంకెలు చెబుతున్నాయి.

సిస్టీన్ నుండి తయారయ్యే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో వ్యాధిని వేగవంతం చేసిందని 2014లో వెల్లడైంది. ఆక్సీకరణ ఒత్తిడి నుండి సాధారణ కణంతో పాటు క్యాన్సర్ కణాన్ని కూడా అది కాపాడటమే కారణం. శక్తి పానీయాల్లో కలిపే టారిన్ మరొక ఉదాహరణ. క్యాన్సర్ కణాలు టారిన్‌ను లాగేసుకోవడం వల్ల టి-కణాలు నీరసించి, టారిన్ అందిస్తే కోలుకున్నట్లు 2024లో ఒక బృందం చూపింది. ఎముక మజ్జలో ఉత్పత్తి అయ్యే టారిన్ లుకేమియా కణాల వృద్ధికి తోడ్పడుతున్నదని 2025లో మరొక బృందం చూపింది. వ్యాధి రకం మారితే అదే పదార్థం పాత్ర మారుతుంది.

9. రోగి పళ్లెం – అన్వయ సమస్య:

పై ఫలితాలను బట్టి, అమైనో ఆమ్లాల ప్రభావాన్ని తెలిపే ఏ పరిశోధనను చదివినా నాలుగు ప్రశ్నలు వేసుకోవడం అవసరం.

మొదటిది, ప్రయోగంలో వాడిన జంతువుకు రోగనిరోధక వ్యవస్థ ఉందా? రెండవది, పరీక్షించిన కణితి ఏ అవయవానిది, ఏ జన్యు మార్పుతో వచ్చింది? మూడవది, మార్చినది ఆహారాన్నా, లేక ఎంజైము సూదుల ద్వారా రక్తాన్నా? నాలుగవది, అదే పద్ధతి మనుషులపై, రోగి ఆయుష్షు కొలమానంగా పరీక్షకు నిలిచిందా?

ఈ నాలుగింటికీ అనుకూలమైన సమాధానం ఉన్నది ప్రధానంగా ఆస్పరజినేజ్‌కు మాత్రమే. అది ఆహారం కాదు, మందు. ఒక అమైనో ఆమ్లాన్ని ఆహారంలో తగ్గించో, పెంచో క్యాన్సర్ రోగుల ఆయుష్షును పెంచవచ్చునని స్థిరపరచే స్థాయి నిదర్శనం ఇంకా ఏర్పడలేదు.

అప్పటివరకు రోగికి చెప్పదగిన మాట ఏది? ఐరోపా క్లినికల్ పోషకాహార సంఘం, క్యాన్సర్ రోగులు రోజుకు కిలో శరీర బరువుకు 1 గ్రాము కంటే ఎక్కువ, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రొటీన్ తీసుకోవాలని సూచించింది. పోషక లోపం ఉన్నవారికి, వచ్చే అవకాశం ఉన్నవారికి ఆహారాన్ని కుదించే పథ్యాలు వద్దని హెచ్చరించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులైన వయోజనులకు సూచించిన ప్రొటీన్ కిలోకు 0.83 గ్రాములు. 60 కిలోల వ్యక్తి ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాదాపు 50 గ్రాములు సరిపోగా, క్యాన్సర్ చికిత్సలో ఉన్నప్పుడు 60 నుండి 90 గ్రాములు అవసరమవుతాయి. మూత్రపిండాలు, కాలేయం సరిగా పనిచేయని రోగులకు ఈ మోతాదును వైద్యుడు నిర్ణయించాలి.

ఈ అవసరం చాలామందికి సాధారణ భోజనంతోనే తీరుతుంది. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ప్రొటీన్ ఉంటుంది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మిథియోనిన్ తక్కువ. అన్నం, పప్పు కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. నోటి పుండ్లు, వాంతులు, ఆకలి లేకపోవడం వంటి కారణాల వల్ల భోజనం చేయలేని రోగికి ప్రొటీన్ పొడులు, ద్రవాహారాలు నిజంగానే తోడ్పడతాయి. అక్కడ అవి ఆహారానికి బదులుగా వస్తున్నాయి. విడి అమైనో ఆమ్లాల మాత్రలను క్యాన్సర్‌కు చికిత్సగా అమ్మడం వేరు. ఈ రెండింటి మధ్య తేడాను స్పష్టంగా చెప్పడం అధ్యాపకుల, పరిశోధకుల బాధ్యత.

10. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన ముఖ్యాంశాలు:

1. క్యాన్సర్ కణాలు, టి-కణాలు ఒకే అమైనో ఆమ్లాల కోసం పోటీపడతాయి. అందువల్ల కొరత గాని, అదనం గాని ఏదో ఒక పక్షాన్ని మాత్రమే ప్రభావితం చేస్తుందని ముందుగా భావించరాదు.

2. వ్యాధి కణంలోని నిర్దిష్ట లోపం తెలిసినప్పుడు అమైనో ఆమ్ల లేమి చికిత్సగా మారగలదని ఆస్పరజినేజ్ నిరూపించింది.

3. రోగనిరోధక శక్తి లేని ఎలుకల ఫలితాలు ఆ శక్తి ఉన్న జీవిలో తారుమారు కావచ్చునని మిథియోనిన్ ప్రయోగాలు తెలిపాయి.

4. హిస్టిడిన్ వంటి పూరకాలకు భవిష్యత్తు ఉంటే, అది నిర్దిష్టమైన మందుతో, నిర్దిష్టమైన రోగులకు, పరీక్షల ద్వారా రుజువైన మోతాదులోనే ఉంటుంది.

5. ప్రస్తుత నిదర్శనాల మేరకు రోగికి అవసరమైనది తగినంత శక్తి, ప్రొటీన్ ఉన్న సమతులాహారం. స్వయంగా మొదలుపెట్టిన కఠిన పథ్యాలు, స్వయంగా వాడే అమైనో ఆమ్ల సప్లిమెంట్లు రెండూ చికిత్స చేస్తున్న వైద్యుడికి తెలియకుండా జరగకూడదు.

ఫార్బర్ తనకు ఎదురైన ప్రతికూల ఫలితాన్ని దాచలేదు. దానినే ప్రశ్నగా మార్చి సుబ్బారావు బృందం తయారుచేసిన పదార్థంతో జవాబు వెతికాడు. నేడు ఈ రంగంలో వెలువడుతున్న విరుద్ధ ఫలితాలను కూడా అదే దృష్టితో చూడాలి. “ఏం పెట్టమంటారు?” అని అడిగే కుటుంబానికి ఈనాడు ఇవ్వగల నిజాయితీ గల సమాధానం ఒక్కటే: రోగిని పస్తు పెట్టవద్దు, రుజువు కాని మాత్రలను నమ్మవద్దు.